గయానాలో ఎంబీబీఎస్‌కి చెల్లిని పంపాలా అని అడిగిన తమ్ముడికి

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. చెల్లి నీట్‌లో క్వాలిఫై అయింది, కన్వీనర్ కోటాలో సీటు రాలేదు, బీ కేటగిరీ ఫీజు కట్టే స్తోమత లేదు. కన్సల్టెన్సీ వాళ్లేమో గయానా అన్నారు, ఇంగ్లిష్‌లోనే చదువు, అమెరికా పద్ధతి, ఎండీ డిగ్రీ (అక్కడ ఎంబీబీఎస్‌ స్థాయి డిగ్రీనే ఎండీ అంటారు), ఇక్కడి ప్రైవేటు కాలేజీ ఖర్చులో సగం కూడా కాదు అన్నారు. నాన్నగారు ఎకరం పొలం బేరానికి పెట్టారు, అమ్మ ఆ దేశం పేరే వినలేదని ఏడుస్తోంది, తేల్చాల్సిన బాధ్యత నీ మీద పడింది. నేను 2013లో దక్షిణ అమెరికాలోని ఈ గయానా రాజధాని జార్జ్‌టౌన్ వెళ్లాను, 2018లో తిరిగొచ్చాను, విదేశంలో చదివినవాళ్లు ఇక్కడ డాక్టర్ అవ్వడానికి రాసే ఎఫ్ఎంజీఈ పరీక్ష రెండో ప్రయత్నంలో పాసయ్యాను, ఇప్పుడు ఒక ఏరియా ఆస్పత్రిలో పని చేస్తున్నాను. మీ ఇంట్లో ఇప్పుడు నడుస్తున్న గొడవే అప్పట్లో హన్మకొండలో మా ఇంట్లోనూ నడిచింది, అందుకే కాస్త పెద్దగానే రాస్తున్నాను.

ముందు జవాబు చెప్పేస్తాను. పంపొచ్చు, కానీ ఒక్క కాగితం చేతికి వచ్చాకే. చెల్లి మూడో ఏడాది నుంచి చివరి రోజు దాకా ఏ ఆస్పత్రిలో, ఏ విభాగంలో, ఎన్ని వారాలు ఉంటుందో కాలేజీ లెటర్‌హెడ్ మీద రాసి సంతకం పెట్టి ఇచ్చిన కాగితం అది. అది ఇవ్వని కాలేజీకి నువ్వు ఒక్క రూపాయి కూడా కట్టొద్దు. దేశం ఎలాంటిది, హాస్టల్ ఎలా ఉంటుంది, అన్నం దొరుకుతుందా అన్న ప్రశ్నలన్నీ దీని తర్వాతే. ఎందుకో చెప్తాను.

గయానా చాలా చిన్న దేశం. విస్తీర్ణం చూస్తే మన రెండు రాష్ట్రాలు కలిపిన దాంట్లో దాదాపు ముప్పావు వంతు ఉంటుంది గానీ, అందులో ఎక్కువ భాగం అడవి. జనం మాత్రం దేశం మొత్తం మీద 9 లక్షల లోపే, అంటే దగ్గర దగ్గర మా వరంగల్ నగరమంత. వాళ్లలోనూ ఎక్కువమంది అట్లాంటిక్ తీరం వెంట సన్నటి పట్టీలో ఉంటారు. ఇప్పుడు వైద్య విద్యార్థిగా ఆలోచించు. జనం తక్కువైతే రోగులు తక్కువ, రోగులు తక్కువైతే నీ చెల్లి చేతికి వచ్చే కేసులు తక్కువ. మన వరంగల్ ఎంజీఎం ఆస్పత్రిలోనో విశాఖ కేజీహెచ్‌లోనో ఒక ఉదయం ఓపీలో కూర్చుంటే కనిపించే జబ్బులు అక్కడ కొన్ని నెలలు తిరిగినా కనిపించకపోవచ్చు. ఇది అక్కడి డాక్టర్ల తప్పు కాదు, వాళ్లలో చాలా మంచి గురువులున్నారు. జనాభా అంతే, ఎవరేం చేస్తారు. దేశంలో పెద్ద ప్రభుత్వాస్పత్రి రాజధానిలో ఉంది. యూనివర్సిటీ ఆఫ్ గయానా పిల్లలకీ, ప్రైవేటు కాలేజీల పిల్లలకీ క్లినికల్ శిక్షణ దొరికే చోట్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

నేను మర్చిపోలేని ఒక ఉదయం ఉంది. జార్జ్‌టౌన్ బయట ఒక ఆస్పత్రి, మెడిసిన్ వార్డు. బెర్బీస్ వైపు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ మంచం మీద ఉంది, డెబ్బై దాటిన మనిషి, కాలేయం పెరిగింది. ఆ రోజు వార్డులో కాలేయం వాచి చేతికి తగిలే రోగి ఆవిడ ఒక్కతే, మేము ఆరుగురం. ఒక్కొక్కరం వెళ్లి కుడివైపు పక్కటెముకల కింద వేళ్లు పెట్టి, ఊపిరి పీల్చమని చెప్పి, అంచు తగిలిందా లేదా అని చూస్తున్నాం. నేను ఆరోదాన్ని. నా వంతు వచ్చేసరికి ఆవిడ ముఖంలో నొప్పి కనిపిస్తోంది, పొట్ట మీద చర్మం మా వేళ్లకి ఎర్రబడింది. నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఆవిడే నా మణికట్టు పట్టుకుని మళ్లీ పొట్ట మీద పెట్టుకుంది, 'టేక్ యూ టైం, బేటీ' అంది. తర్వాత ఏ ఊరు నీది అని అడిగింది. హైదరాబాద్ అంటే తెలియలేదు, సౌత్ ఇండియా అన్నాను. 'మద్రాస్?' అంటూ లేచి కూర్చోబోయింది. ఆవిడ ముత్తవ్వ మద్రాసులో ఓడ ఎక్కి వచ్చిందట, ఇంట్లో ఇప్పటికీ ఏటా మారియమ్మకి పూజ చేస్తారట. ఆ రోజు హాస్టల్‌కి వచ్చి చాలాసేపు ఏడ్చాను. ఆవిడ మంచితనానికి కొంత, మిగిలింది ఒక్క కాలేయం మీద ఆరు జతల చేతులు నేర్చుకోవాల్సి వచ్చినందుకు. అందుకే చెప్తున్నాను, ఏ ఆస్పత్రి, ఎంతమంది విద్యార్థులకి ఎన్ని పడకలు అని అడుగు. కాలేజీ భవనం ఫోటోలు చూసి మురిసిపోవద్దు.

ఇక రూల్స్. నేను వెళ్లినప్పుడు ఇవి ఇంత గట్టిగా లేవు, కాబట్టి నాలాంటి సీనియర్లు 'మాకేం కాలేదు కదా' అంటే నమ్మొద్దు. 2021 నవంబర్ 18న నేషనల్ మెడికల్ కమిషన్ (ఎన్ఎంసీ) తెచ్చిన నిబంధనల ప్రకారం, ఆ తర్వాత విదేశంలో చేరిన ఎవరికైనా ఎంబీబీఎస్‌కి సమానమైన కోర్సు కనీసం 54 నెలలు ఉండాలి, ఇంగ్లిష్ మీడియంలో ఉండాలి, దాని మీద 12 నెలల ఇంటర్న్‌షిప్ అదే విదేశీ సంస్థలో చెయ్యాలి. చదువులో ఏ భాగమూ ఇండియాలో గానీ మూడో దేశంలో గానీ చెయ్యకూడదు. అంతా చేరిన నాటి నుంచి పదేళ్లలో ముగియాలి. అన్నిటికంటే ముఖ్యం, ఆ డిగ్రీతో ఆ దేశంలో అక్కడి పౌరులతో సమానంగా ప్రాక్టీసు చేసే లైసెన్సుకి అర్హత రావాలి. ఇక్కడికి వచ్చాక మళ్లీ స్క్రీనింగ్ పరీక్ష, అంటే ఎఫ్ఎంజీఈ, మళ్లీ 12 నెలల ఇంటర్న్‌షిప్ ఉంటాయి.

ఇప్పుడు ఈ రూల్స్ పక్కన కన్సల్టెన్సీ వాళ్లిచ్చిన పాంప్లెట్ పెట్టుకుని చదువు. కరీబియన్ వైపు చాలా కాలేజీల్లో కోర్సు ఎలా ఉంటుందంటే, మొదట ప్రీ మెడికల్ అని కొంతకాలం, తర్వాత బేసిక్ సైన్సెస్ రెండేళ్లు, తర్వాత క్లినికల్ రొటేషన్లు, అంటే ఆస్పత్రిలో ఒక్కో విభాగంలో తిరిగి నేర్చుకోవడం, రెండేళ్లు. మొత్తం కలిపి అయిదున్నరేళ్లు అని అచ్చు వేస్తారు. కానీ ప్రీ మెడికల్ తీసేస్తే మిగిలేది 48 నెలలు. ఫిలిప్పీన్స్‌లో మన తెలుగు పిల్లల్ని ఏళ్లపాటు టెన్షన్ పెట్టింది సరిగ్గా ఈ లెక్కే, అక్కడ మెడిసిన్‌కి ముందు చదివే బీఎస్ ఎంబీబీఎస్ కిందకి రాదన్నారు, మిగిలిన ఎండీ 48 నెలలే అయింది. కాబట్టి మెడిసిన్ సబ్జెక్టులు చెప్పే నెలలు ఎన్నో వేలు మడిచి లెక్కపెట్టు. చివరి ఏడాది రొటేషన్లు అమెరికాలోనో ఇండియాలోనో చేయిస్తాం అని గొప్పగా రాసి ఉంటే సంతోషపడొద్దు, మన రూల్ ప్రకారం అక్కడే ఇరుక్కుంటారు.

'ఎన్ఎంసీ అప్రూవ్డ్' అని ఉంటే ఆ పాంప్లెట్ పక్కన పడెయ్. విదేశీ కాలేజీలకి ఆమోదం ఇచ్చే జాబితా అంటూ ఎన్ఎంసీ దగ్గర ఏదీ లేదు. రూల్స్ ఇవీ, సరిపోతాయో లేదో చూసుకునే బాధ్యత విద్యార్థిదే అన్నది వాళ్ల మాట. అలాగే ప్రపంచంలోని వైద్య కాలేజీల పేర్లుండే వరల్డ్ డైరెక్టరీలో పేరుంది అంటారు, ఆ డైరెక్టరీలో పేరు ఉండటం అంటే నాణ్యతకి సర్టిఫికెట్ కాదు. ఆ ప్రాంతంలో వైద్య కాలేజీల్ని తనిఖీ చేసి గుర్తింపు ఇచ్చే సంస్థ కామ్-హెచ్‌పీ అని ఒకటుంది, దాని వెబ్‌సైట్‌లో ఏ కాలేజీకి ఏ స్థాయి గుర్తింపు ఉందో, ఎప్పటివరకు ఉందో పెడతారు. అది స్వయంగా చూడు. కన్సల్టెన్సీ వాళ్లు పంపిన స్క్రీన్‌షాట్ చూసి వదిలెయ్యొద్దు.

ఇంటర్న్‌షిప్ గురించి ఇంకో ప్రశ్న తప్పకుండా అడుగు. గత రెండేళ్లలో మీ దగ్గర చదివిన భారతీయ విద్యార్థుల్లో ఎంతమందికి గయానాలోనే 12 నెలల ఇంటర్న్‌షిప్ దొరికింది, ఏ ఆస్పత్రిలో? 'అది మేం చూసుకుంటాం' అన్నారంటే జవాబు లేదని అర్థం. వాళ్లలో ఇద్దరు ముగ్గురితో మాట్లాడించమను. ఆ ఇద్దరు ముగ్గురిని కాలేజీయే ఎంచి ఇస్తుంది కాబట్టి, మన వరంగల్, విజయవాడ కోచింగ్ సెంటర్లలో ఎఫ్ఎంజీఈకి తయారవుతున్న వాళ్లని నువ్వే వెతికి పట్టుకో. అక్కడ కూర్చున్న పిల్లలు ఏదీ దాచకుండా చెప్తారు.

పరీక్ష విషయానికొస్తే, ఎఫ్ఎంజీఈ ఏడాదికి రెండుసార్లు, 300 ప్రశ్నలు, 150 వస్తే పాస్, నెగెటివ్ మార్కులు లేవు. వినడానికి తేలికగా ఉంది కదా, ఈ మధ్య చాలా విడతల్లో రాసినవాళ్లలో మూడో వంతు కూడా గట్టెక్కలేదు. నాకు మొదటిసారి 138 వచ్చాయి. నేను చదవక కాదు. మా కాలేజీ సిలబస్ అమెరికాలో డాక్టర్ల లైసెన్సు పరీక్షని దృష్టిలో పెట్టుకుని కట్టింది, ఫిజియాలజీ, పాథాలజీ, ఫార్మకాలజీ బాగా చెప్పారు, ఇప్పటికీ ఆ పునాదికి వాళ్లకి రుణపడి ఉన్నాను. కానీ కంటి జబ్బులు, ఈఎన్‌టీ, ఫోరెన్సిక్ మెడిసిన్ అంటే రెండు వారాల్లో అయిపోయేవి. ఇండియా టీకాల పట్టిక, మన టీబీ కార్యక్రమం, ఆశా కార్యకర్తలు ఎంతమందికి ఒకరు, ఇవన్నీ కమ్యూనిటీ మెడిసిన్‌లో అడుగుతారు, జార్జ్‌టౌన్‌లో అవెవరు చెప్తారు? అందుకే మూడో ఏడాది నుంచే మన పుస్తకాలు పక్కన పెట్టుకుని చదవాలి. చెల్లి వెళ్లేట్టయితే కమ్యూనిటీ మెడిసిన్, ఫోరెన్సిక్ మన పుస్తకాలు సూట్‌కేసులో పెట్టి పంపు, పచ్చళ్లు ఒక కిలో తగ్గినా పర్లేదు.

డబ్బు సంగతి. ఫీజు డాలర్లలో ఉంటుంది, పాంప్లెట్‌లో రూపాయల్లో రాస్తారు. నేను వెళ్లిన ఏడాది డాలర్ 60 రూపాయల చుట్టుపక్కల ఉండేది, 2025 చివరికి 90 దగ్గరికి వచ్చింది. అదే 30,000 డాలర్ల ఫీజు అప్పుడు 18 లక్షలు, ఈ 90 రేటుకి 27 లక్షలు. ఆరేళ్ల చదువుకి ఇవాళ్టి రేటు లెక్కేసుకుని ఎకరం అమ్మితే నాలుగో ఏడాదికి ఇంకో అర ఎకరం అమ్మాల్సి వస్తుంది. మా నాన్న అదే చేశారు, ఆ సంగతి నాకు చదువు అయ్యాక గానీ చెప్పలేదు. పైగా గయానాలో 2015లో సముద్రంలో చమురు బయటపడింది, 2019 డిసెంబర్ నుంచి తీస్తున్నారు, అప్పటినుంచి జార్జ్‌టౌన్‌లో ఇంటి అద్దెలు బాగా పెరిగాయి. నా జూనియర్లు చెప్పే అద్దెలు వింటుంటే నేనున్న ఊరేనా అనిపిస్తుంది. మొదటి ఏడాది హాస్టల్ ప్యాకేజీలో కలిపి, రెండో ఏడాది నుంచి బయట చూసుకోమనే కాలేజీలు ఉన్నాయి, అదీ అడుగు. యూనివర్సిటీ ఆఫ్ గయానాలో చదువు ఉచితం అని ఎవరైనా చెప్తే, 2025 జనవరి నుంచి ఉచితం అయింది నిజమే గానీ అది గయానా పౌరులకి, మనకి కాదు.

పక్కనే సురినామ్ ఉంది, కింద ఉరుగ్వే ఉంది, అవి చౌక కదా అని కూడా అడిగావు. సురినామ్‌లో డచ్ భాష, ఉరుగ్వేలో స్పానిష్. ఉరుగ్వేలో ప్రభుత్వ యూనివర్సిటీలో డిగ్రీ చదువుకి ఫీజు లేదన్నది కూడా నిజమే, కానీ ఇంగ్లిష్ మీడియం రూల్ దగ్గరే మన ఎంబీబీఎస్ ఆశ ఆగిపోతుంది. దక్షిణ అమెరికా మొత్తంలో ఇంగ్లిష్ అధికార భాషగా ఉన్న దేశం గయానా ఒక్కటే.

అయితే ఆ ఇంగ్లిష్ పుస్తకాల ఇంగ్లిష్ కాదు. రోగులు మాట్లాడేది క్రియోలీజ్, అంటే ఇంగ్లిష్ నుంచి పుట్టిన అక్కడి వాడుక భాష. 'ప్రెషర్' అంటే బీపీ, 'షుగర్' అంటే మధుమేహం, ఇవి మనవాళ్లలాగే. 'బ్యాడ్ ఫీలింగ్స్' అంటే మాత్రం మనసు బాలేదని కాదు, కడుపులో తిప్పుతోందని. 'జస్ట్ నౌ' వస్తానన్నారంటే ఇప్పుడే కాదు, కాసేపాగి. మొదటి మూడు నెలలు చెవికి పట్టదు, తర్వాత మన నోటికే వచ్చేస్తుంది.

అమ్మకి మాత్రం ఈ భాగం చదివి వినిపించు. 1838 మే 5న మొదటి ఓడలు కలకత్తా నుంచి కూలీలని తీసుకుని అక్కడ దిగాయి, ఆ రోజుని ఇప్పటికీ పండగలా జరుపుతారు. 1917 దాకా దాదాపు 2 లక్షల 39 వేల మంది అలా చెరుకు తోటల్లో పనికి వెళ్లారు, మద్రాసు ఓడల్లో మన తెలుగువాళ్లూ ఉన్నారు. భాష పోయింది, దేవుళ్లు ఉన్నారు. హోలీకీ దీపావళికీ దేశమంతా సెలవు. వరి వాళ్ల పెద్ద పంటల్లో ఒకటి, అన్నానికి లోటు లేదు. అలసంద కాయల్ని బోరా అంటారు, మునక్కాడల్ని సైజన్ అంటారు, కాకరకాయ, వంకాయ అన్నీ బజార్లో దొరుకుతాయి. క్రిస్మస్ దగ్గర పడితే సోరెల్ అని ఎర్రటి షర్బత్ కాస్తారు, మొదటిసారి ఆ మొక్క ఒక ఇంటి దొడ్లో చూసి నేను అక్కడే నిలబడిపోయాను. అది మన ఎర్ర గోంగూరే. వాళ్లు కాయల మీది ఎర్ర పొర తీసి మరిగిస్తారు, ఆకుల్ని పట్టించుకోరు. ఆ ఇంటావిడని అడిగి ఆకులు కోసుకొచ్చాం, అక్కడి విరివిరి మిరపకాయలు వేసి నూరాం, హాస్టల్‌లో పదిమంది తెలుగు పిల్లలం ఒక్క గిన్నె చుట్టూ కూర్చున్నాం.

కష్టాలు కూడా ఉన్నాయి, దాచను. జార్జ్‌టౌన్ సముద్రపు పోటు మట్టం కంటే కింద ఉన్న ఊరు. సముద్రం రాకుండా పొడవాటి గోడ, వాన నీళ్లు పోవడానికి కాలవలు, కోకర్లు అనే తూములు ఉంటాయి. పోటు ఉన్నంతసేపు తూము తెరవడానికి లేదు, ఆ సమయంలోనే గట్టి వాన పడితే వీధుల్లో మోకాలి లోతు నీళ్లు నిలుస్తాయి. దోమలు ఎక్కువ, డెంగీ జాగ్రత్త. కరెంటు పోతుంటుంది, ల్యాప్‌టాప్ ఎప్పుడూ చార్జింగ్‌లో ఉంచుకోవాలి. చీకటి పడ్డాక ఆడపిల్ల ఒంటరిగా నడవకూడదు, మేం ఎప్పుడూ తెలిసిన టాక్సీ నంబరుకే ఫోన్ చేసేవాళ్లం, స్టాబ్రోక్ మార్కెట్‌కి ఫోన్ బయటికి కనపడకుండా వెళ్లేవాళ్లం. ఈ జాగ్రత్తలతో అయిదేళ్లు నాకు ఏమీ కాలేదు.

అన్నిటికంటే పెద్ద కష్టం దూరం. మనకంటే తొమ్మిదిన్నర గంటలు వెనక ఉంటారు, అమ్మ పొద్దున ఆరింటికి ఫోన్ చేస్తే అక్కడ ముందురోజు రాత్రి ఎనిమిదిన్నర. నేరుగా విమానం లేదు, ఎటు నుంచి వెళ్లినా ఒకటి రెండు చోట్ల మారాలి, అమెరికా మీదుగా అయితే విమానం మారడానికి కూడా వాళ్ల ట్రాన్సిట్ వీసా కావాలి. నేను మూడో ఏడాదిలో ఉండగా మా నానమ్మ పోయింది. టికెట్, వీసా లెక్కలు చూసేసరికి దినం నాటికి కూడా చేరలేనని తేలింది. ఆ రాత్రి సీవాల్ మీద, అదే ఆ సముద్రపు గోడ మీద కూర్చుని నాన్నతో ఫోన్‌లో మాట్లాడుతూనే ఉన్నాను. అందుకే చెల్లితో ఒంటరిగా కూర్చుని అడుగు, తనకి నిజంగా డాక్టర్ అవ్వాలని ఉందా, లేక సీటు రాలేదన్న అవమానం నుంచి బయటపడాలని ఉందా అని. రెండోదైతే ఇంకో ఏడాది లాంగ్ టర్మ్ కోచింగ్ తీసుకోవడమే మేలు, నీట్ రెండోసారి రాస్తే కొంపలేమీ మునగవు. ఇప్పటి స్కోరు కూడా వృథా కాదు, ఒకసారి క్వాలిఫై అయితే విదేశంలో చేరడానికి మూడేళ్లు పనికొస్తుంది.

పంపాలని నిర్ణయించుకుంటే ఒక పని మాత్రం ముందే చేయించు. గయానా ఎల్లో ఫీవర్ దేశాల జాబితాలో ఉంది. ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు టీకా పడాలి, ఒక్క డోసు జీవితాంతం చెల్లుతుంది. హైదరాబాద్ నారాయణగూడలో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు, పాస్‌పోర్టు తీసుకెళ్లాలి. టీకా వేశాక ఇచ్చే పసుపు కార్డు లేకుండా సెలవులకి తిరిగొస్తే ఇక్కడి ఎయిర్‌పోర్టులోనే ఆపి ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టగలరు. మా బ్యాచ్‌లో ఒకమ్మాయి ఆ కార్డు హాస్టల్‌లో మర్చిపోయి అక్క పెళ్లికి వచ్చింది, పెళ్లి అయిపోయాక ఇంటికి చేరింది.

ఇవాళే కాలేజీకి మెయిల్ పెట్టు, కన్సల్టెన్సీ ద్వారా కాదు, నేరుగా రిజిస్ట్రార్‌కి. ఆస్పత్రుల పేర్లు, విభాగాల వారీగా వారాలు, ఇంటర్న్‌షిప్ ఎక్కడ, గయానా మెడికల్ కౌన్సిల్‌లో మీ డిగ్రీతో రిజిస్ట్రేషన్ అక్కడి పౌరులతో సమానంగా ఇస్తారా అన్న నాలుగూ అడుగు. వచ్చిన జవాబు నాకు చూపించు, లైను లైనుగా చదివి చెప్తాను. అప్పటిదాకా నాన్నగారిని పొలం బేరం ఆపమను.